ఎవరైనా మీకు చెప్పుకున్న రోజు

పిల్లలకు,

ఏదో ఒక రోజు మీ స్నేహితురాలో, పక్కింటి తమ్ముడో, వరసకు చెల్లెలయ్యే అమ్మాయో మీ దగ్గరికి వచ్చి, "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అని మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత చెప్పేది తన ఒంటి మీద ఎవరో చెయ్యి వేసిన సంగతి కావచ్చు. అంతకంటే ఘోరమైనదీ కావచ్చు. ఆ నిమిషంలో మీ నోటి వెంట వచ్చే మాట ఆ మనిషి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. అందుకే పన్నెండు పదమూడేళ్లు దాటిన పిల్లలందరికీ, అమ్మాయిలకూ అబ్బాయిలకూ, ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒట్టు సంగతి. ఒట్టు వెయ్యకండి. నిలబెట్టుకోలేని మాట ఇచ్చి తర్వాత తప్పితే, ఆ బిడ్డ ఇంకెవరినీ నమ్మదు. "ఊరంతా చెప్పుకోను. కానీ నిన్ను కాపాడగలిగిన పెద్దవాళ్లకు మనిద్దరం కలిసి చెబుదాం. ఎవరికి చెబితే బాగుంటుందో నువ్వే చెప్పు" అనండి. అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, టీచరు కావచ్చు. పద్దెనిమిదేళ్లలోపు వారి మీద జరిగిన లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం అంటుంది. చెప్పలేదని పిల్లలను శిక్షించరు గానీ పెద్దలను శిక్షిస్తారు. ఇంట్లో చెప్పుకునే పరిస్థితి లేకపోతే పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, ఏ ఆపదలోనైనా 112 నంబర్లు ఉన్నాయి.

ఇక మీరు అనాల్సినవి రెండే మాటలు. "నీ మాట నమ్ముతున్నాను." "ఇందులో నీ తప్పు లేదు." తర్వాత వినండి. అంత పొద్దుపోయాక ఎందుకు వెళ్లావు, వాడితో ఎందుకు మాట్లాడావు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లూ ఎందుకు దాచావు అనే ప్రశ్నలు మీ నాలుక చివరిదాకా వస్తాయి, మన ఇళ్లలో విని విని అలవాటైన ప్రశ్నలు కాబట్టి. వాటిని అక్కడే ఆపండి.

"ఎందుకు అరవలేదు" అన్న ప్రశ్న గురించి కొంచెం వివరంగా చెప్పాలి. భరించలేని భయం వేసినప్పుడు శరీరం పోరాడవచ్చు, పారిపోవచ్చు, లేదా కొయ్యబారిపోవచ్చు. నోరు పెగలదు, చేతులు లేవవు. అది మనం కోరి చేసే పని కాదు. అదే భయం వల్ల జ్ఞాపకం కూడా ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. ఫ్యాను చప్పుడు గుర్తుంటుంది, ఏ రోజన్నది గుర్తుండదు. అందుకని చెప్పేటప్పుడు ముందుదీ వెనుకదీ కలగలిసిపోతే అబద్ధం చెబుతున్నట్టు కాదు.

ఈ ఒక్క ప్రశ్న మన దేశ చట్టాన్ని ఎంతకాలం పట్టి పీడించిందో వినండి. 1972 మార్చిలో మహారాష్ట్రలోని అప్పటి చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిపై పోలీసులే అత్యాచారం చేశారన్న కేసు నమోదైంది. ఆమె పేరు రాయను, ఎందుకో తర్వాత చెబుతాను. కింది కోర్టు పోలీసులను విడిచిపెట్టింది. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, ఆమె అరిచినట్టు రుజువు లేదు, కాబట్టి బలవంతం జరిగినట్టు కాదన్నది ఆ తీర్పు సారాంశం.

మరుసటి సంవత్సరం, 1979 సెప్టెంబరులో, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి ఒక బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని అందులో వాదించారు. పోలీస్ స్టేషన్‌లో, యూనిఫారం వేసుకున్న మగవాళ్ల ముందు, దిక్కులేని ఒక ఆదివాసీ బాలిక ఎలా ఎదురు తిరగగలదు? ఆ ఉత్తరం చేతులు మారి, మహిళా సంఘాలకు చేరి, 1980లో దేశంలోని అనేక నగరాల్లో మహిళలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసుల అదుపులో అత్యాచారం జరిగిన కేసుల్లో, సమ్మతించలేదని బాధితురాలు కోర్టులో చెబితే కోర్టు దాన్ని నిజమనే అనుకుని ముందుకు వెళ్లాలి, కాదని రుజువు చేయాల్సింది నిందితుడు. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమని చెప్పిందీ ఆ సవరణే. ఇక ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్న వాక్యం చట్టంలో చేరడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఒక యువతిపై జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇస్తే గానీ అది జరగలేదు. ఇన్నేళ్లు పట్టిందని నాకు ఇప్పటికీ కోపమే. అయినా నలుగురు టీచర్లు ఊరుకుని ఉంటే ఈ మాత్రమైనా కదిలేది కాదు.

ఆసుపత్రి సంగతులు నాకు బాగా తెలిసినవి కాబట్టి అవి చెబుతాను. జరిగిన వెంటనే వీలైతే స్నానం చేయకుండా రావాలి. ఆ సమయంలో వేసుకున్న బట్టలు ఉతకకూడదు. ఒక్కో బట్టను విడిగా కాగితపు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజొచ్చి ఆధారాలు పాడవుతాయి. స్నానం చేసేశారా, బట్టలు ఉతికేశారా? అయినా రావాలి. శరీరం మీది ఆధారాలను నాలుగు రోజుల వరకు సేకరించే వీలుంది. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు మాత్రం 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఎఫ్‌ఐఆర్ (పోలీసులు కేసు నమోదు చేసిన) కాగితం తెమ్మని ఏ ఆసుపత్రీ వెనక్కి పంపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటుదైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే. పోలీస్ స్టేషన్ కూడా అంతే, ఇది మా పరిధి కాదంటూ తిప్పి పంపే హక్కు వారికి లేదు. ఎక్కడ ఫిర్యాదు ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ కింద నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు వారే పంపాలి. బాధితురాలు చిన్నపిల్ల అయితే మహిళా అధికారి మామూలు దుస్తుల్లో ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. తెలంగాణలో భరోసా, సఖి కేంద్రాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో వన్ స్టాప్ సెంటర్లలోనూ వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి. హైదరాబాదులో భరోసా 2016లో మొదలైంది.

ఒకసారి ఒక అమ్మాయిని వాళ్ల మేనత్త తీసుకొచ్చింది. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర "ఏమైంది?" అని గట్టిగా అడిగితే, "డాక్టరమ్మకే చెబుతాం" అని అంతే గట్టిగా జవాబిచ్చింది. లోపలికి వచ్చాక ఆమె మాట్లాడిన తీరు నేను మర్చిపోలేదు. "ఇక్కడ కూర్చుంటావా, ఆ మూలనా? నీళ్లు ఇప్పుడు తాగుతావా, తర్వాతనా? నేను లోపల ఉండనా, బయట ఉండనా?" ప్రతిదీ అడిగే చేసింది. తన శరీరం మీద తన మాట చెల్లకుండా పోయిన పిల్లకు, చిన్న చిన్న విషయాల్లోనైనా తన మాట చెల్లుతోందని ఆమె చూపించింది. చదువుకున్న మనిషి కాదు. నేను తర్వాత కొత్తగా చేరిన నర్సులకు చెప్పిందంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఇప్పుడు పేరు విషయం, దానితో పాటు మీ చేతుల్లోని ఫోను విషయం. 2015 ఫిబ్రవరిలో అమ్మాయిల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే హైదరాబాదులోని ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టుకు ఒక లేఖ పంపింది. అత్యాచారాలను చిత్రీకరించిన వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయని అందులో ఫిర్యాదు చేసింది. ఆ సంస్థను నడిపే సునీతా కృష్ణన్ పదిహేనేళ్ల వయసులో తనపై జరిగిన సామూహిక అత్యాచారం గురించి తానే బహిరంగంగా చెప్పిన మనిషి. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. ఇలాంటి వీడియోల మీద ఎవరైనా ఫిర్యాదు చేయగలిగే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ 2018లో వచ్చింది. అలాంటిది మీ ఫోనుకు వస్తే "చూడండి ఎంత అన్యాయమో" అని కూడా ఎవరికీ పంపకండి. పంపిన ప్రతిసారీ ఆ అమ్మాయికి మళ్లీ జరిగినట్టే. పేరు, ఫొటో, ఊరు, బడి, ఆమె ఎవరో తెలిసిపోయే ఏ వివరమైనా అంతే. తన పేరు తాను చెప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం, మనది కాదు.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువ డాక్టరును అత్యాచారం చేసి చంపిన ఘోరం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పది రోజుల్లోపే నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పులు కావాలనే, చంపే ఉద్దేశంతోనే జరిపారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. పూలు చల్లిన వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ వారితో నేను ఏకీభవించను. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, ప్రేమించానన్నవాడు, ట్యూషన్ చెప్పేవాడు. చెబితే మామయ్యను చంపేస్తారన్న భయం పట్టుకుంటే, పదేళ్ల పిల్ల నోరు విప్పుతుందా? ఇంట్లోవాళ్లు విప్పనిస్తారా? కేసు పెట్టగానే పట్టించుకునే స్టేషను, త్వరగా పూర్తయ్యే విచారణ, తప్పకుండా పడే శిక్ష కావాలి. అవి అడగడం పూలు చల్లినంత సులువు కాదు.

అబ్బాయిలూ, ఇది మీ గురించి కూడా. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించింది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యామని చెప్పారు. వారిలో అబ్బాయిలు సగం కంటే కొంచెం ఎక్కువే. "మగపిల్లాడివి, నీకేమవుతుంది" అన్న మాట ఎంతమంది నోరు నొక్కిందో! పోక్సో చట్టం మీకూ వర్తిస్తుంది. మీకు జరిగితే మీరూ చెప్పుకోవచ్చు.

మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. క్లాసులో అమ్మాయి శరీరం గురించి ఎవడో వెకిలిగా మాట్లాడినప్పుడు మిగతా వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే వాడికి బలం. మీరు నవ్వకండి, "ఆపరా" అనండి, అది చాలు. వద్దన్న అమ్మాయి వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని సినిమాలు తరతరాలుగా చూపిస్తున్నాయి. వద్దంటే వద్దనే. మాట్లాడకుండా ఉంటే అదీ ఒప్పుకోలు కాదు. నిన్న సరేనన్న మనిషి ఇవాళ కాదనవచ్చు.

చివరిగా, తోడు ఉండటం వారం రోజుల పని కాదు. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో, మావోయిస్టుల కోసం అడవిలో గాలింపుకు (కూంబింగ్‌కు) వచ్చిన గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపడుతూనే కోర్టు నిందితులను విడిచిపెట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలంది. దాదాపు పదహారేళ్లు వారు మాట మార్చలేదు. మానవ హక్కుల వేదిక, మహిళా సంఘాలు వారిని వదిలిపెట్టలేదు. పిల్లల కేసులు ఏడాదిలోపు ముగించాలని పోక్సో చెబుతున్నా, చాలాసార్లు వాయిదాలు సాగుతూనే ఉంటాయి.

ఆ రోజుల్లో మీ స్నేహితురాలు బడి మానేస్తే నోట్సు రాసిపెట్టండి. పుట్టినరోజులకు ఎప్పటిలాగే పిలవండి. జరిగినదాని గురించి తనంతట తాను మాట్లాడితే వినండి, మీరై తవ్వకండి. తను నవ్వితే, కొత్త బట్టలు వేసుకుంటే, పెళ్లిలో డాన్స్ చేస్తే "ఇంత జరిగినా ఎలా ఉందో చూడు" అనే వాళ్లు దాపురిస్తారు. వాళ్ల నోరు మూయించడం మీ వంతు. వినీ వినీ మీకే నిద్ర పట్టకపోతే, మీరూ ఒక పెద్దవాళ్లతో చెప్పుకోండి, లేదా టెలి మానస్ 14416కు ఫోను చేయండి.

ఇంట్లో ఈ మాటలు ఎత్తడానికి ఇబ్బందిగా ఉంటే ఈ ఉత్తరమే అమ్మానాన్నల చేతికి ఇవ్వండి. ప్రశ్నలుంటే నాకు రాయండి, ఎలాంటి ప్రశ్నయినా సరే. జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ