సోనామీటరు మీద తోడి

"గిటారుకి మెట్లుంటాయి కదండీ, మెట్లున్నదాని మీద ఇంత పొడుగు జారు ఎలా పలుకుతుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన విన్నది బ్రిజ్ భూషణ్ కాబ్రా వాయిద్యం. కాబ్రాది జోధ్‌పూర్, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి చేసిన రికార్డుతో ఆయన గిటారు దేశమంతా వినిపించింది.

పొట్టి జవాబు: మెట్లున్నాయి గానీ తీగలు వాటికి తగలవు. గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల్ని మెట్లకు అందనంత ఎత్తుకు లేపి, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగ మీద ఆనించి జరుపుతారు. స్టీల్ గిటార్ అనే పేరు ఆ కడ్డీ వల్లే వచ్చింది. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు 1880ల్లో ఈ పద్ధతి కనిపెట్టాడంటారు. రైలు పట్టాల దగ్గర దొరికిన ఇనుపముక్కతో మొదలుపెట్టాడని ఓ కథ కూడా ఉంది. ఇది చెప్పగానే "అన్నీ మన దగ్గర ఎప్పుడో ఉన్నాయి" అనేవాళ్ళు లేస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళది మరీ అబద్ధం కాదు. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో ఏకతంత్రి వీణను వెదురుముక్కతో వాయించే తీరు ఉంది. దక్షిణాదిన గోటువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ అదే జాతివి. అయినా తీగ మీద నున్నటి వస్తువు జారితే స్వరం జారుతుందని తెలుసుకోడానికి ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోనక్కర్లేదు.

నాకు ఆసక్తి ఇక్కడి నుంచి. ఇంటర్ ఫిజిక్స్ లాబ్‌లో సోనామీటరు గుర్తుందా? చెక్కపెట్టె, దాని మీద తీగ, చివర వేలాడే బరువులు, తీగ కింద జరిపే రెండు దిమ్మెలు. శృతిదండాన్ని కొట్టి పెట్టె మీద ఆనిస్తే, దిమ్మెలు సరైన చోట ఉంటే తీగ మీది చిన్న కాగితం ముక్క ఎగిరి పడేది. మొదటి నియమం: పౌనఃపున్యం, అంటే తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, పొడవుకి విలోమానుపాతం. రెండో నియమం: తన్యత, అంటే తీగ బిగువు, వర్గమూలానికి అనులోమానుపాతం. మాకు చెప్పిన లెక్చరరు రికార్డులో బొమ్మ పెన్సిల్‌తోనే గీయాలన్నారు గానీ, ఇది వీణే నాయనా అని ఒక్కసారీ అనలేదు. ఆ పాపం ఆయనొక్కడిదే కాదులెండి.

గమకం అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. వీణ గమకం రెండో నియమం, బిగువు మారుతుంది. స్టీల్ గిటార్ గమకం మొదటి నియమం, పొడవు మారుతుంది. తేడా మొత్తం ఇంతే, కానీ దీన్ని పిండితే చాలా రసం వస్తుంది.

తోడి రాగంలోని గాంధారాన్నే తీసుకోండి. అది ఒకచోట నిలిచే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఉయ్యాలూగుతుంది. వీణ మీద ఒక పద్ధతిలో రిషభం మెట్టు దగ్గరే వేలు నొక్కి, తీగను పక్కకు లాగి మధ్యమం దాకా తీసుకెళ్తారు. శుద్ధ రిషభం షడ్జానికి 16/15 రెట్లు, శుద్ధ మధ్యమం 4/3 రెట్లు. అంటే పౌనఃపున్యం నాలుగోవంతు పెరగాలి, 1.25 రెట్లు. తన్యత దాని వర్గం, 1.56 రెట్లు. ప్రతి ఊపుకీ తీగ బిగువు సగానికి పైగా పెరిగి మళ్ళీ దిగాలి! ఆ పని చేసేది వేళ్ళ చివర చర్మం. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ పాడినట్టు ఉంటుందని మురిసిపోతాం గానీ, ఆ పాట వెనకాల ఎంత బలప్రయోగం ఉందో తలచుకోం. పైగా లాగితే స్వరం పైకే పోతుంది. మెట్టు మీదున్న స్వరం కన్నా కిందికి దిగాలంటే కింది మెట్టుకు పోవాల్సిందే.

కడ్డీకి ఆ బాధ లేదు. తన్యత దాదాపు మారదు, పైకీ కిందికీ ఒకే సులువు. బలం బదులు దూరం ఖర్చవుతుంది. తీగ పొడవు 65 సెంటీమీటర్లు అనుకుందాం. రిషభం దగ్గర మోగే పొడవు 60.9, మధ్యమం దగ్గర 48.8. అంటే గాంధారం ఒక్క ఊపుకి చెయ్యి 12 సెంటీమీటర్లు పోయి రావాలి! సెకనుకు మూడు నాలుగు ఊపులంటే ఇస్త్రీ పెట్టె తోసినట్టే. అదే పై స్థాయిలో దూరం సరిగ్గా సగం, 6 సెంటీమీటర్లు. కాబట్టి స్టీల్ గిటారు మీద ఒకే గమకానికి ఒకే చేతి కదలిక ఉండదు. పైకి పోయేకొద్దీ గమకం కుంచించుకుపోవాలి, ఎంతన్నది చెవే చెప్పాలి.

చెవే ఎందుకు? కళ్ళు మోసం చేస్తాయి కనక. గిటారు మెట్లు సప్తకాన్ని 12 సమభాగాలు చేసి పెట్టినవి. తంబురాతో కలిసే అంతరగాంధారం షడ్జానికి 5/4 రెట్లు, దానికి తీగ పొడవు 52 సెంటీమీటర్లు. మెట్టు ఉన్నదేమో 51.6 దగ్గర. సరిగ్గా మెట్టు మీదే కడ్డీ పెడితే గాంధారం కాస్త ఎక్కువగా పలుకుతుంది, 4 మిల్లీమీటర్లు బిరడాల వైపు జరగాలి. పంచమం దగ్గర తేడా అర మిల్లీమీటరే. తలను కాస్త పక్కకు వాల్చి చూస్తే ఆ 4 మిల్లీమీటర్లూ చూపులోనే గల్లంతు.

ఈ మధ్య ఓ పాత గిటారు మీద నేనే ప్రయత్నించాను. మొదట బాల్‌పెన్ను ఆనించాను. 'టుక్' అని చచ్చిపోయింది. తర్వాత బైకు టూల్‌కిట్‌లోని స్పార్క్ ప్లగ్ పానా, బరువుది. తీగ ఒక్కసారి గొంతు విప్పింది! తీగలోని తరంగం అటూ ఇటూ పరిగెత్తుతుంది. కొసన కదలని గోడ ఉంటే పూర్తిగా వెనక్కు తిరుగుతుంది, గోడ ఊగితే శక్తి అటు కారిపోతుంది. ఇక్కడ ఆ గోడ కడ్డీయే. గోడ ఊగకుండా ఆపేది దాని జడత్వం. 0.4 మిల్లీమీటర్ల ఉక్కు తీగ, 220 హెర్ట్జ్, 200 గ్రాముల కడ్డీ పెట్టి లెక్క వేశాను: తరంగానికి కడ్డీ చూపే అడ్డు, తీగ చూపే అడ్డుకి దాదాపు వెయ్యి రెట్లు. పది గ్రాముల పెన్నుకి 50 రెట్లే, పైగా అది ప్లాస్టిక్, నా మెత్తటి వేళ్ళ మధ్య వణుకుతోంది. కడ్డీ పంచలోహాలతో పోస్తే స్వరం శుద్ధంగా పలుకుతుందని నాకొకాయన చెప్పాడు. బరువూ, నునుపూ ఉంటే చాలు, లోహాల సంఖ్యతో తీగకు పనిలేదు.

ఇక తరఫు తీగలు, అంటే మీటకుండానే తోడుగా మోగేవి. విశ్వమోహన్ భట్ తన గిటారుకి 12 తరఫు తీగలు చేర్చి మోహన వీణ అన్నాడు, 1994లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి గ్రామీ అందుకున్నాడు. ఆ తీగలు ఎలా స్పందిస్తాయన్నది వేరే వ్యాసం.

పానాతో నాకు దొరికిన అసలు వింత ఇంకోటి. కడ్డీ తీగను రెండు ముక్కలు చేస్తుంది కదా, వెనక ముక్క కూడా సన్నగా మోగుతుంది. కడ్డీ చతుశ్రుతి రిషభం (తోడి రిషభం కన్నా పైది, షడ్జానికి 9/8 రెట్లు) దగ్గరుంటే వెనక మిగిలేది తొమ్మిదో వంతు, అది షడ్జానికి 9 రెట్లు పలుకుతుంది. గాంధారం దగ్గర 5 రెట్లు, మధ్యమం దగ్గర 4, పంచమం దగ్గర 3. ముందు గొంతు రి గ మ ప అని ఎక్కుతుంటే, వెనక గొంతు 9, 5, 4, 3 అని దిగుతోంది! మధ్యమం పట్టిన క్షణాన వెనకనుంచి షడ్జం వినిపిస్తుంది. చెవి పెట్టి వింటే దెయ్యం గొంతు కలిపినట్టుంటుంది, కచేరీలో మాత్రం పనికిరాదు. అందుకే వాయించేవాళ్ళు ఎడమచేతి చివరి రెండు వేళ్ళనీ కడ్డీ వెనకాల తీగ మీద తేలిగ్గా వాల్చి ఉంచుతారు. చేయి ఎటు జారినా అవి వెంటే ఈడ్చుకుంటూ వస్తాయి.