ఎస్‌ఎస్‌బీలో స్వచ్ఛంద సేవకు విలువెంత? అపోహలు - వాస్తవాలు

సైన్యంలో ఆఫీసర్ కావాలనుకునే పిల్లలు డిగ్రీ చివరి ఏడాదికి రాగానే ఫైల్లో సర్టిఫికెట్లు పోగుచేయడం మొదలుపెడతారు. రక్తదానం, మొక్కలు నాటడం, వరద సాయం, దొరికినవన్నీ. ఆఫీసర్లను ఎంపికచేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు)లో సేవ అక్కరకొస్తుంది, సందేహం లేదు. ఎక్కడ, ఎలా అక్కరకొస్తుందో తెలియకపోవడం వల్లే మంచి పని చేసినవాళ్లు కూడా దాన్ని బోర్డు ముందు పెట్టలేక వెనుదిరుగుతున్నారు.

అపోహ: సేవా సర్టిఫికెట్లకు విడిగా మార్కులుంటాయి

వాస్తవం: ఒక్క మార్కు కూడా లేదు. ఇంటర్‌తో చేరే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)కి రాతపరీక్ష 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీ 900. డిగ్రీతో రాసే సీడీఎస్ పరీక్షలో ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ), నేవల్ అకాడమీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలకు 300, 300. ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)కి 200, 200. ఈ లెక్కలో సేవకు గడి లేదు. రాతపరీక్ష లేని దారుల్లోనూ అంతే. టీఈఎస్ (ఇంటర్ తర్వాతి టెక్నికల్ ఎంట్రీ)కి ఇంటర్ ఎంపీసీ మార్కులు, జేఈఈ మెయిన్ చూస్తారు. టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు)కి ఇంజినీరింగ్ మార్కుల శాతం చూస్తారు.

ఎస్‌ఎస్‌బీలో ముగ్గురు వేర్వేరుగా అంచనా వేస్తారు: సైకాలజిస్టు, జీటీఓ (బృంద పరీక్షలు పెట్టే అధికారి), ఇంటర్వ్యూ అధికారి. ముగ్గురూ వెతికేది ఆఫీసర్‌కు ఉండాల్సిన 15 లక్షణాలనే. మనసా, వాచా, కర్మణా ఒకే మనిషి కనిపించాలన్నది ఆ పద్ధతికి మూలం. కాబట్టి మీరు చేసిన సేవ మీ ఆలోచనలో, మాటలో, పనిలో కనిపిస్తేనే లెక్కలోకి వస్తుంది.

అపోహ: ఎన్‌ఎస్‌ఎస్ ఉన్నా, ఎన్‌సీసీ ఉన్నా ఒకటే

వాస్తవం: ఎంపిక దారిలో రెండింటికీ చాలా తేడా ఉంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీకే పిలుపు. వయసు 19 నుంచి 25. ఇంటర్‌లోనో డిగ్రీ మొదట్లోనో ఉన్నవాళ్లు ఈ తేడా ఇప్పుడే తెలుసుకోవాలి. ‘సి’ పరీక్ష దాకా రావడానికి కాలేజీలో ఏళ్లు పడుతుంది, చివర్లో మనసు మార్చుకుంటే దారి ఉండదు.

ఎన్‌ఎస్‌ఎస్ రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. దానికి అలాంటి నేరు ప్రవేశం లేదు. కానీ బాధ్యత నేర్పే చోటుగా అది దేనికీ తీసిపోదని మా గట్టి అభిప్రాయం.

అపోహ: పీఐక్యూలో ఎన్ని సంస్థల పేర్లు రాస్తే అంత బలం

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఎంపిక కేంద్రంలో నింపే పీఐక్యూ (వ్యక్తిగత వివరాల) ఫారంలో ‘స్వచ్ఛంద సేవ’ అని విడి శీర్షిక ఉండదు. అది పాఠ్యేతర కార్యక్రమాల గడిలోకి, బాధ్యతాయుత పదవుల గడిలోకి వస్తుంది. ఇంటర్వ్యూ అధికారి ఆ ఫారాన్ని ముందే చదివి కూర్చుంటారు. మీరు రాసిన ప్రతి పదం ఒక ప్రశ్న అవుతుంది.

ఆరు సంస్థల పేర్లు రాసి ఒక్కోదానికీ ఒక్కరోజు వెళ్లినవాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు. ‘ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్, 2 ఏళ్లు, శిబిరంలో 50 మందికి భోజన ఏర్పాట్ల బాధ్యత’ అన్న ఒక్క వరుస అంతకంటే ఎంతో మేలు. దాని మీద ప్రశ్నలు ఎలా వస్తాయో చూడండి: డబ్బు ఎవరిచ్చారు, ఎంత? పూటకు ఎంత బియ్యం? వంట ఎవరు చేశారు? ఏం తప్పు జరిగింది, అప్పుడు మీరేం చేశారు? మీతో పనిచేయనన్నది ఎవరు? నిజంగా చేసినవాళ్లకు మనిషికి 150 గ్రాముల చొప్పున పూటకు ఏడున్నర కిలోల బియ్యమని నోటి చివరే ఉంటుంది. ఇలాంటివి ఒకే ఊపిరిలో ఏడెనిమిది అడిగి మీ వైపు చూస్తారు. అడిగిన వరుసలో జవాబు చెప్పడం అలవాటు చేసుకోండి. ఒకటి మరిచిపోతే మరిచిపోయానని చెప్పి మళ్లీ అడగమనండి, తప్పులేదు.

రక్తదాన శిబిరం నిర్వహించానని రాస్తే దాని కనీస విషయాలు తెలియాలి. దాత బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఎంతమంది వచ్చారు, ఎంతమందిని వెనక్కి పంపారు, ఎందుకు పంపారు అన్నది చెప్పలేకపోతే మీరు బ్యానర్ దగ్గర ఫొటో దిగి వచ్చారని అధికారికి అర్థమైపోతుంది. అబద్ధం ఒక్కటి బయటపడితే మిగతా నిజాల మీదా నమ్మకం పోతుంది.

అపోహ: కథల్లో, వాక్యాల్లో సేవ గురించి రాస్తే సైకాలజిస్టు మెచ్చుకుంటారు

వాస్తవం: బొమ్మ చూసి కథ రాసే పరీక్ష టీఏటీలో 12 కథలు రాయాలి. బొమ్మ 30 సెకన్లు చూపి, రాయడానికి నాలుగు నిమిషాలిస్తారు. చివరిది ఖాళీ స్లయిడు. పన్నెండింటిలోనూ కథానాయకుడు అనాథాశ్రమం పెడితే అది కోచింగ్‌లో బట్టీ పట్టిన సేవ అని చదవగానే తెలుస్తుంది. బొమ్మలో ఉన్న సమస్యకు తగిన పని రాయండి.

సేవ అసలు ఉపయోగం ఎస్‌ఆర్‌టీలో, అంటే ఇచ్చిన సందర్భంలో ఏం చేస్తారో రాసే పరీక్షలో తెలుస్తుంది. 60 సందర్భాలు, 30 నిమిషాలు, అంటే ఒక్కోదానికి అరనిమిషం. పరీక్షకు వెళ్తుంటే దారిలో ప్రమాదం కనిపించిందనుకోండి. ప్రథమ చికిత్స నేర్చినవాళ్లు ‘108కి ఫోన్ చేసి, రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి, అంబులెన్స్‌కు అప్పగించి పరీక్షకు వెళ్లాడు’ అని తడుముకోకుండా రాస్తారు. తెలియనివాళ్లు పరీక్ష మానేసి త్యాగం చేసినట్టు రాస్తారు. ఆఫీసర్ రెండు పనులూ చూసుకోవాలి.

అపోహ: జీటీఓ పరీక్షలకు సేవతో పనేముంది, అక్కడ కావాల్సింది శరీర బలం

వాస్తవం: గ్రూప్ టాస్కులో నాయకుణ్ని ఎవరూ నియమించరు. పక్కనున్న అపరిచితులు మీ మాట వినాల్సిన అవసరమే లేదు. స్వచ్ఛంద సేవలోనూ సరిగ్గా అదే పరిస్థితి. జీతం లేదు, హోదా లేదు, నచ్చకపోతే ఎవరైనా వెళ్లిపోవచ్చు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లాంటి సమయంలో విజయవాడలో పొట్లాలు పంచడానికి పదిమందిని నిలబెట్టినవాళ్లకు అరవకుండా పని చేయించడం వచ్చి ఉంటుంది. ఆ నేర్పు చెక్కపలకా, తాడూ చేతికిచ్చి అడ్డంకులు దాటమన్నప్పుడు దానంతటదే బయటికొస్తుంది. గ్రూప్ ప్లానింగ్‌లో ఒకేసారి నాలుగు సమస్యలిచ్చినప్పుడు ఏది ముందు, ఎవరిని ఎటు పంపాలి, ఎంతసేపు పడుతుంది అన్న లెక్క కూడా అంతే.

అపోహ: సేవ చేయనివాళ్లకు అవకాశం తక్కువ

వాస్తవం: కాదు. నాన్నకు ఒంట్లో బాగోనప్పుడు పొలం పని చూసుకున్నవాళ్లు, తమ్ముణ్ని చదివిస్తున్నవాళ్లు, కాలేజీ కబడ్డీ జట్టును నడిపినవాళ్లు మోసింది బాధ్యతే. దాన్ని ఇంటర్వ్యూలో చిన్నచేసి చెప్పుకోవద్దు. మన పల్లెటూరి పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

అపోహ: కాల్ లెటర్ వచ్చాక ఏదో ఒకదాంట్లో చేరితే చాలు

వాస్తవం: మూడు వారాల సేవ తేదీల్లోనే దొరికిపోతుంది. ఆరు నెలలైనా చేతిలో ఉంటే ఒక్కటే పని ఎంచుకుని వారానికి రెండు మూడు గంటలు ఇవ్వండి. సర్కారు బడిలో లెక్కలు చెప్పడం కావొచ్చు, రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణ కావొచ్చు. జిల్లాలో ఆపద మిత్ర (విపత్తుల్లో సాయపడే వాలంటీర్ల) శిక్షణ నడుస్తుంటే వదులుకోవద్దు. ఒక చిన్న నోట్‌బుక్కులో తేదీ, ఎంతమంది, ఎంత ఖర్చు, ఏది కుదరలేదు అన్నవి రాసుకోండి. వెళ్లే ముందు ఆ విషయాలను తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి పైకి చెప్పి చూసుకోండి.

ఫైల్లో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్, కాల్ లెటర్‌లో అడిగిన మిగతా కాగితాలు ముందు పెట్టుకోండి. సేవా సర్టిఫికెట్లు చివర ఉంచి, ఎవరైనా అడిగితేనే బయటికి తీయండి.