పొద్దుటి గాలి వేరు, మధ్యాహ్నం గాలి వేరు

చిరంజీవులకు చెన్నై నుంచి తాతయ్య ఆశీస్సులు.

ఇద్దరూ ఆప్టిమిస్ట్ అనే చిన్నపిల్లల తెరచాప పడవ దాటి, ఇల్కా పడవ ఎక్కారట, మీ అమ్మ చెప్పింది. ఒకప్పుడు దాన్నే లేజర్ అనేవాళ్లం. మీ బరువుకి 4.7 చదరపు మీటర్ల తెరచాప సరిపోతుంది. మా చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో నడిపింది ఇలాంటి పడవనే, కాస్త పెద్ద తెరచాపతో.

ఏ తాడు ఎంత లాగాలని అడిగారు. ముందు తెరచాప పొట్ట, అంటే గాలికి అది ఉబ్బే లోతు, చూడడం నేర్చుకోండి. సెలవులకి ఇక్కడికి వస్తే ఒక్క రోజులోనే రెండు రకాల గాలీ చూస్తారు. వేసవిలో పొద్దున పల్చగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి అందుకుంటుంది.

పల్చటి గాలిలో బాగా ముందుకి జరిగి కూర్చోండి. పడవని తెరచాప వైపు కొద్దిగా వాలనివ్వండి. తెరచాప తన బరువుతోనే ఆకారంలోకి వస్తుంది, నీటికి తగిలే అడుగుభాగం కూడా తగ్గుతుంది. కన్నింగ్‌హామ్, అంటే తెరచాప ముందు అంచుని కిందికి లాగే తాడు, పూర్తిగా వదిలెయ్యండి. మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కన ముడతలు పడితే పడనివ్వండి. తెరచాప కింది అంచుని వెనక్కి లాగే ఔట్‌హాల్ తాడు వదిలితే, బూమ్ అనే కింది అడ్డకర్రకీ తెరచాపకీ మధ్య మీ జానెడు ఖాళీ ఉండాలి. గాలి మరీ చచ్చిపోతే ఆ ఖాళీ తగ్గించండి. అంత పొట్ట చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక నీరసపు గాలికి ఉండదు. తెరచాపకి అంటించిన ఊలుపోగులు రెండు వైపులా వెనక్కి తిన్నగా ఎగరాలి. మీ వైపుది పైకి లేస్తే షీట్ (తెరచాపని లోపలికి లాగే తాడు) కాస్త లాగండి, అవతలిది గిలగిల్లాడితే వదలండి.

అసలు పని మధ్యాహ్నం మొదలవుతుంది. గాలి 8 నాట్ల నుంచి 16కి పెరిగితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మీ బరువేమో అంతే! కాబట్టి పొట్ట తగ్గించాల్సిందే. ఔట్‌హాల్ బిగించండి. బూమ్‌ని కిందికి పట్టి ఉంచే వ్యాంగ్ తాడు గట్టిగా లాగండి. ఇల్కా మాస్ట్‌ని పట్టే తీగలేవీ లేవు, అందుకే వ్యాంగ్ లాగితే అది వంగి తెరచాపని చదును చేస్తుంది. ఇంకో లాభం: గాలి విసురుకి షీట్ వదిలినప్పుడు బూమ్ పైకి లేవకుండా పక్కకే జరుగుతుంది. ఆ తర్వాత కన్నింగ్‌హామ్. అది పొట్టని ముందుకి తెచ్చి, పై భాగం వెనక అంచుని వదులు చేస్తుంది, మిగులు గాలి అక్కణ్ణుంచి జారిపోతుంది. బాగా వీచే రోజున, తెరచాపకి ఆ తాడు దూర్చే కన్నం దాదాపు బూమ్ దాకా దిగాలి. మొహమాటపడకండి. చాలామంది పిల్లలు దీన్ని సగం లాగి ఊరుకుని, పడవ వాలిపోతోందని గోల పెడతారు.

విసురు తగలగానే షీట్ అరచేతి వెడల్పు వదిలి, నడుం బయటికి వాల్చండి. పడవ బల్లపరుపుగా అయ్యాక మళ్లీ లాక్కోండి. నీళ్లు నల్లబడుతూ మీ వైపు వస్తుంటే విసురు వస్తున్నట్టే, ముందే సిద్ధం కండి. అయినా నిలవకపోతే డ్యాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) కాస్త పైకెత్తండి, తేలికవాళ్లకి అది పనికొస్తుంది.

గాలివాలుకి తిరిగే ముందు వ్యాంగ్ వదలడం మర్చిపోకండి, లేకపోతే బూమ్ చివర నీళ్లలో గుచ్చుకుని పడవ బోల్తా పడుతుంది. అలాగని పూర్తిగా వదిలితే తెరచాప పైభాగం ముందుకి తిరిగి, పడవ మీ వైపే ఒరుగుతుంది.

ఒడ్డుకి వచ్చాక పుల్లీలు మంచినీళ్లతో కడగండి. ఉప్పు పట్టిన పుల్లీలో తాడు కదలదు, అప్పుడు నేను చెప్పిందేదీ చెయ్యలేరు.

మీ
తాతయ్య