కంప్యూటర్ ఆగిపోతే తప్పు యూపీఎస్‌దేనా?

మీ సేవ కేంద్రం కావచ్చు, జిరాక్స్ షాపు కావచ్చు, డీటీపీ సెంటర్ కావచ్చు. నల్లగొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. కరెంటు పోతుంది, యూపీఎస్ కీచుమంటుంది, ఆ వెంటనే కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. సగం నింపిన అప్లికేషన్ పోతుంది. లైన్లో నిలబడ్డవాళ్లు ఉసూరుమంటారు. "బ్యాటరీ మొన్ననే మార్పించిన అన్నా, అయినా గిట్లనే అయితుంది" అంటాడు షాపతను. మెకానిక్ మళ్లీ యూపీఎస్‌నే విప్పుతాడు.

చాలాసార్లు తప్పు అందులో ఉండదు. కేబినెట్ వెనక ఫ్యాన్ తిరుగుతూ కనిపించే ఇనుప డబ్బాలో ఉంటుంది. అందరూ ఎస్ఎంపీఎస్ అనే ఆ పవర్ సప్లై డబ్బా ఐదారు వందలకే వస్తోందంటే, లోపల కొన్ని భాగాలు తగ్గించారనే అర్థం. బాధ ఏమిటంటే, అలా తీసేసిన భాగాలే మన కరెంటుకి, మన ఎండకి, మన రాతినేలకి అందరికంటే ఎక్కువ అవసరం.

ప్లగ్గులోకి వచ్చేది 230 వోల్టుల ఏసీ. మదర్‌బోర్డుకి కావాల్సింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఎస్ఎంపీఎస్ ముందు ఏసీని డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపుతుంది. మనం 230 అని చెప్పుకునే ఏసీ, అల శిఖరం దగ్గర 325 వోల్టుల దాకా వెళ్తుంది. కెపాసిటర్లు నిండేది కూడా అంతవరకే. అక్కడి నుంచి ట్రాన్సిస్టర్లు ఆ కరెంటుని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, వోల్టేజీ తగ్గించి ఇస్తాయి.

ఆ కెపాసిటర్లు ఇంటి మీది నీళ్ల ట్యాంకు లాంటివి. నల్లా ఆగినా ట్యాంకులో ఉన్నంతసేపు నీళ్లు వస్తాయి. కరెంటు పోయినప్పుడు మామూలు చిన్న యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఒక్కోసారి పది దాకా కూడా. ఆ కాస్తసేపు కంప్యూటర్‌ని నడపాల్సింది ఈ కెపాసిటర్లే. కంప్యూటర్ సప్లైలకు ఉండే ఏటీఎక్స్ మార్గదర్శకాల ప్రకారం ఎక్కువ లోడు మీద కూడా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడాలి. చౌక డబ్బాలో చిన్న కెపాసిటర్లు పెడతారు. కొన్నిటి మీద రాసిన విలువ కూడా లోపల ఉండదు.

దీనికి మన లో వోల్టేజీ తోడవుతుంది. బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ లైను చివర ఉన్న ఊళ్లో 190 వోల్టులే వస్తున్నాయనుకుందాం. యూపీఎస్ వోల్టేజీ పెంచి ఇచ్చే రకం కాకపోతే, కెపాసిటర్ 325 దాకా కాకుండా 270 దగ్గరే ఆగిపోతుంది. అందులో నిలవుండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మొత్తం మీద మూడో వంతు పోయినట్టే. అంతటితో అయిపోలేదు. కెపాసిటర్ వోల్టేజీ 220 కన్నా తగ్గితే ఆ సప్లై పనిచేయదు అనుకుంటే, వాడుకోవడానికి మిగిలే శక్తి సగం కూడా ఉండదు. పొద్దున యూపీఎస్ మీద బాగా నడిచిన కంప్యూటర్ సాయంత్రం ఎందుకు ఆగిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. అనుమానం ఉంటే అదే యూపీఎస్‌కి, అదే వేళ, మంచి సప్లై ఉన్న ఇంకో కంప్యూటర్ తగిలించి చూడండి. బ్యాటరీకి పెట్టే ఖర్చు తప్పవచ్చు.

మంచి సప్లైల్లో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే భాగం ఉంటుంది. బయట 190 ఉన్నా 240 ఉన్నా అది కెపాసిటర్‌ని 380, 390 వోల్టుల దగ్గర నిలకడగా ఉంచుతుంది. మన ప్రాంతంలో కంప్యూటర్ కొనేవాళ్లకి నేను మొదట చెప్పేది దీని గురించే. కొన్ని చిన్న యూపీఎస్‌ల నుంచి వచ్చే చతురస్రపు అలతో ఇలాంటి సప్లైలు కొన్ని సరిగా పనిచేయవు. అందుకే కొనేముందు రెండూ కలిపి నడిపించి చూసుకోవాలి.

పాడైపోయిన చౌక డబ్బాని రిపేరు బల్ల మీద విప్పి చూస్తే కథంతా కళ్లకు కనిపిస్తుంది. కరెంటు వచ్చే చోట బోర్డు మీద కాయిల్‌కి, ఫిల్టర్ కెపాసిటర్లకి గుర్తులు అచ్చువేసి ఉంటాయి, రంధ్రాలు కూడా ఉంటాయి. భాగాలు మాత్రం ఉండవు. కాయిల్ ఉండాల్సిన చోట రెండు తీగ ముక్కలు వంచి అతికించి ఉంటాయి. రూపాయి బిళ్లంత ఉండే నీలం రంగు ఎంఓవీ చోటు ఖాళీ. అంటే డిజైన్ గీసినవాళ్లకి ఇవి కావాలని తెలుసు, తయారు చేసేటప్పుడు వదిలేశారు.

ఎంఓవీ పని వోల్టేజీ హద్దు దాటినప్పుడు ఆ కరెంటుని తన గుండా లాక్కుని ఫ్యూజు ఎగిరేలా చేయడం. గాలివానకి న్యూట్రల్ తెగి బల్బులు ఒక్కసారిగా తెల్లగా మండిపోవడం ఊళ్లలో ఎరగనివాళ్లు తక్కువ. అప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. శిఖరం దగ్గర అది 560 దాటుతుంది. చౌక సప్లైలో ఉండేవి 200 వోల్టులు తట్టుకునే రెండు కెపాసిటర్లు, రెండూ కలిపితే 400. ఎంఓవీ ఉంటే అది, ఫ్యూజు పోయి మిగతాది బతికే అవకాశం ఉంది. లేకపోతే కెపాసిటర్లు టప్‌మని పేలుతాయి, ఒక్కోసారి మదర్‌బోర్డుని, హార్డ్‌డిస్క్‌ని కూడా తీసుకుపోతాయి. డబ్బా ఐదు వందలదే, పోయిన డిస్క్‌లోని పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు ఎక్కడ కొంటాం?

ఇక కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం. ఫేజ్ నుంచి ఇనుప డబ్బాకి ఒకటి, న్యూట్రల్ నుంచి డబ్బాకి ఒకటి, వై కెపాసిటర్లని రెండు ఉంటాయి. సప్లై పుట్టించే విద్యుత్ అల్లరిని (నాయిస్) ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్తింగ్ లేకపోతే ఆ రెండింటి మధ్య డబ్బా సగం వోల్టేజీ దగ్గర, అంటే సుమారు 115 దగ్గర నిలుస్తుంది. వచ్చే కరెంటు సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. అసలైన వై కెపాసిటర్ పాడైతే తెగిపోయేలా తయారుచేస్తారు. దాని బదులు మామూలుది పెడితే అది షార్ట్ అయ్యి, ఎర్తింగ్ లేని కేబినెట్ మీదికి నేరుగా ఫేజ్ రావచ్చు. అందుకని జివ్వుమనకపోతే మంచి సప్లై అనుకోవడానికీ లేదు. ఆ కెపాసిటర్లు అసలు పెట్టకపోయినా జివ్వుమనదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలాచోట్ల నేల కొద్దిగా తవ్వితే రాయి తగులుతుంది. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోతే పేరుకే ఎర్తింగ్ ఉన్నట్టు. ఎండాకాలం ఆ గుంటలో బిందెడు నీళ్లు పోయడం పాత అలవాటే, మానొద్దు. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి నడపడం మాత్రం ఎక్కడున్నా ప్రమాదమే.

ఎండ చేసే నష్టం నిదానంగా ఉంటుంది. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల షెడ్డులోని షాపులో కేబినెట్ లోపల ఇంకో పది డిగ్రీలు ఎక్కువే. కెపాసిటర్ల లోపలి ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుంది. వేడి పెరిగిన ప్రతి పది డిగ్రీలకి ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఇంజనీర్ల లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 8000 గంటలు వస్తుంది. 105 డిగ్రీలు, 2000 గంటలు అని ఉన్నదైతే అదే వేడిలో 32,000 గంటలు. రోజుకి పది గంటలు, ఏడాదికి 300 రోజులు తెరిచే షాపులో మొదటిది మూడేళ్లు కూడా నిండకుండానే నీరసిస్తుంది, రెండోది పదేళ్లు దాటుతుంది. రెండింటి ధరలో తేడా చాలా కొద్దిది.

పైగా చౌక సప్లై తన వేడి తనే పెంచుకుంటుంది. కంప్యూటర్‌కి 150 వాట్లు ఇవ్వడానికి 70 శాతం సామర్థ్యం ఉన్నది 214 వాట్లు లాగుతుంది, 64 వాట్లు ఆ డబ్బాలోనే వేడిగా మిగులుతాయి. 85 శాతం ఉన్నదానిలో 26 వాట్లే. ఎండిన కెపాసిటర్ 12 వోల్టుల లైనుని నున్నగా ఉంచలేదు. ఆ లైనులో 120 మిల్లీవోల్టులకు మించి ఒడుదొడుకులు ఉండకూడదు. మల్టీమీటర్ 12 అనే చూపిస్తుంది, వోల్టేజీ అలని తెర మీద చూపే ఆసిలోస్కోప్ పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఈలోగా కంప్యూటర్ మొరాయిస్తుంటే విండోస్ రెండుసార్లు మళ్లీ వేయిస్తారు, ర్యామ్ మారుస్తారు, వైరస్ అంటారు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కొన్నా, మన ఊళ్లోనే కొన్నా, పెద్ద అక్షరాల 450 వాట్లు చూసి డబ్బులివ్వకండి. పక్కన ఉండే చిన్న పట్టీ చదవండి. 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు అని ఉంటే గుణించండి, 168 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ముఖ్యంగా లాగేది ఆ లైను నుంచే. సామర్థ్యాన్ని తెలిపే 80 ప్లస్ గుర్తు, యాక్టివ్ పీఎఫ్‌సీ, ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా అని అడగండి. రెండు, మూడు వేలు పెడితే ఇవన్నీ ఉన్నవి దొరుకుతాయి.

పాతది వాడక తప్పకపోతే రాత్రి షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ ఆపేయండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా 5 వోల్టుల స్టాండ్‌బై సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది. పాత చౌక డిజైన్లలో అక్కడి ఒక చిన్న కెపాసిటర్ ఎండిపోతే ఆ 5 వోల్టులు అమాంతం పెరిగి మదర్‌బోర్డుని కాల్చేస్తాయి. దుమ్ము దులపాలంటే బయటి నుంచే బ్లోయర్ కొట్టండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, తెలియనివాళ్లు ఆ డబ్బా విప్పకూడదు.