ఎసెన్షియల్ ఆయిల్ ఎవరి దగ్గర కొనాలి: అపోహలు - వాస్తవాలు

లెమన్‌గ్రాస్ 15 మి.లీ. 249 రూపాయలు, లావెండర్ 249, గులాబీ 249, చందనం కూడా 249. ఎసెన్షియల్ ఆయిళ్లకు, అంటే మొక్కల నుంచి తీసే గాఢమైన సువాసన నూనెలకు, ఇలాంటి ధరల పట్టిక కనిపిస్తే ఆ దుకాణం సంగతి తెలుసుకోవడానికి సీసా మూత తీయక్కర్లేదు. టన్ను పచ్చి గడ్డి నుంచి నాలుగైదు కిలోల లెమన్‌గ్రాస్ నూనె దిగుతుంది. కిలో గులాబీ నూనెకు మూడు నుంచి ఐదు టన్నుల పూరేకులు కావాలి. చందనం చెట్టుకైతే చేవ కట్టడానికే పదిహేనేళ్లు పైన పడుతుంది. ఈ మూడూ ఒకే ధరకు వస్తున్నాయంటే గులాబీ, చందనం సీసాల్లో ఉన్నవి వేరే ఏవో అన్నమాట.

అపోహ: చవకగా ఉంటే కల్తీ, ఖరీదు పెడితే అసలుది.

ప్రతి నూనెకూ దాని కనీస ధర దానికుంటుంది. నారింజ నూనె జ్యూస్ ఫ్యాక్టరీల్లో తొక్కల నుంచి ఉపఉత్పత్తిగా వస్తుంది, కాబట్టి అసలుదే చవక. నీలగిరి, సిట్రొనెల్లా, లెమన్‌గ్రాస్, పుదీనా కూడా అసలువే చవక. పుదీనా (మెంథా) నూనెకు సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో కిలో ధర బహిరంగంగానే దొరుకుతుంది. కొనే ముందు ఒకసారి చూసుకుంటే దుకాణదారుడు ఎంత వేసుకుంటున్నాడో అర్థమవుతుంది.

ఒక చిన్న లెక్క. లెమన్‌గ్రాస్ నూనె నీళ్లకంటే తేలిక. మి.లీ. దాదాపు 0.89 గ్రాములు తూగుతుంది, కాబట్టి కిలో నూనె అంటే సుమారు 1,120 మి.లీ. అందులో 15 మి.లీ. సీసాలు 74 నిండుతాయి. అంటే ఒక సీసాలో ఉన్న నూనె ఖరీదు కిలో ధరలో 74వ వంతు. మిగతాదంతా గాజు సీసా, డబ్బా, కొరియర్, కమిషన్. చవక రకాలు నెలనెలా వాడేవాళ్లు 15 మి.లీ. సీసాలు కొనడమంటే సీసాకే డబ్బు పెట్టడం. 100 మి.లీ. ప్యాక్ అమ్మే టోకు వ్యాపారిని చూసుకోవాలి. గొలుసుకట్టు పద్ధతిలో అమ్మే బ్రాండ్ల నూనె చాలావరకు బాగానే ఉండొచ్చు, కానీ పైనున్న నాలుగైదు అంచెల కమిషన్ కూడా మీ సీసాలోంచే వెళ్తుంది.

అపోహ: ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అని ఉంటే నిశ్చింతగా కొనొచ్చు.

అలాంటి గ్రేడు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎక్కడా లేదు. అది కంపెనీలు తమకు తామే పెట్టుకున్న మాట. ‘100 శాతం ప్యూర్’ కూడా అంతే. నూనెను బట్టి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ), బీఐఎస్ (భారతీయ) ప్రమాణాలు ఉన్నాయి. ‘మీ టీ ట్రీ ఐఎస్‌ఓ 4730కి సరిపోతుందా?’ అని అడిగితే జవాబివ్వగలిగే వ్యాపారి చాలు. ‘ఆర్గానిక్’ ముద్ర మొక్కను ఎలా పెంచారో చెబుతుంది, సీసాలో ఏం కలిపారో చెప్పదు.

అపోహ: కాగితం మీద మరక మిగలకపోతే స్వచ్ఛమైనదే.

ఈ పరీక్ష పట్టుకునేది ఒక్క కల్తీనే: కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె లాంటివి కలిపితే జిడ్డు మరక మిగులుతుంది. లావెండర్‌లో కలిపే, ఆ వాసననిచ్చే సింథటిక్ రసాయనాలు లినలూల్, లినలైల్ అసిటేట్ అసలు నూనె లాగే ఆవిరైపోతాయి, కాగితం శుభ్రంగానే ఉంటుంది. అటు చూస్తే వట్టివేళ్ల నూనె, పచౌలీ, చందనం అసలువైనా మరక వదులుతాయి. అంటే మంచి సరుకు ఫెయిలై కల్తీ సరుకు పాసయ్యే పరీక్ష ఇది. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకడుతుందా లేదా అని చూడటమూ అలాంటిదే. అసలైన గులాబీ నూనె, సోంపు నూనె చల్లదనానికి గడ్డకడతాయి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష లవంగ నూనెకు ఉంది. అది నీళ్లకంటే బరువు. పైనుంచి చుక్క వేస్తే కొన్నిసార్లు నీటి పొర మీద నిలబడిపోతుంది, అందుకే డ్రాపర్ మొనను నీళ్లలోకి దించి వదలాలి. చుక్క అడుక్కి జారాలి. పైకి తేలితే ఇంకేదో కలిసింది. అయితే లవంగ మొగ్గ నూనె బదులు చవకైన ఆకు నూనె పోసినా మునుగుతుంది. ఆ తేడా ల్యాబ్ రిపోర్టులోనే తెలుస్తుంది: మొగ్గ నూనెలో యూజినైల్ అసిటేట్ అనే రసాయనం చెప్పుకోదగ్గంత ఉంటుంది, ఆకు నూనెలో నామమాత్రం.

అపోహ: ల్యాబ్ రిపోర్టు చూపించారు, ఇంక అనుమానం ఎందుకు?

ముందు రిపోర్టులోని బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు ఒకటేనా చూడండి. చాలామంది రెండు మూడేళ్ల కిందటి ఒకే కాగితాన్ని అన్ని బ్యాచ్‌లకూ పంపుతుంటారు. కొందరు భద్రతా సమాచార పత్రం పంపి అదే టెస్ట్ రిపోర్టు అంటారు. కావలసింది జీసీ-ఎంఎస్ రిపోర్టు. అందులో ఏ రసాయనం ఎంత శాతమో వరుసగా ఉంటుంది. దాంతోపాటు మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఏ దేశానిది అన్నవి ఉండాలి.

ఎక్కువగా మోసం జరిగే నాలుగు నూనెల్లో చూడాల్సినవి:

లావెండర్: అసలైన దాంట్లో కర్పూరం సాధారణంగా ఒక శాతం చుట్టూ, లేదా అంతకంటే తక్కువే. ఆరు, ఏడు శాతం కనిపిస్తే అది లావెండిన్ అనే చవక సంకర జాతి. సబ్బుకి, గది వాసనకి లావెండిన్ బాగానే పనికొస్తుంది, లావెండర్ ధర మాత్రం ఇవ్వకండి. ఇంకో సంగతి, మామూలు జీసీ-ఎంఎస్ లినలూల్ ఎంతుందో చెబుతుంది గానీ అది పువ్వుదో ఫ్యాక్టరీదో తేల్చదు. దానికి అణువుల కుడి-ఎడమ రూపాల తేడా పట్టే కైరల్ పరీక్ష కావాలి.

టీ ట్రీ: అందులోని ముఖ్య రసాయనం టెర్పినెన్-4-ఆల్ 35 శాతానికి తగ్గకూడదు.

పిప్పర్‌మింట్: మన దేశంలో విరివిగా పండేది మెంథా ఆర్వెన్సిస్. పిప్పర్‌మింట్ అంటే మెంథా పిపెరీటా. మెంథాల్ 70 శాతం దాటితే అది ఆర్వెన్సిసే. మెంథాల్ కొంత తీసేసిన ఆర్వెన్సిస్ నూనె అంకెల్లో పిపెరీటాలా కనిపిస్తుంది కాబట్టి రిపోర్టులో మెంథోఫ్యూరాన్ అనే రసాయనం వరుస కూడా చూడాలి. పిపెరీటాలో అది ఒక శాతం పైనుంటుంది, ఆర్వెన్సిస్‌లో జాడ మాత్రమే.

చందనం: శాంటలం ఆల్బమ్ (మన శ్రీగంధం) అయితే ఆ వాసననిచ్చే ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం ఉండాలి. ‘వెస్ట్ ఇండియన్ శాండల్‌వుడ్’ అని అమ్మే ఎమైరిస్ అసలు చందనం కుటుంబమే కాదు.

అపోహ: మల్లె, తామర, ఎర్రచందనం ఎసెన్షియల్ ఆయిళ్లు మన దగ్గర చవకగా దొరుకుతాయి.

మల్లెను ఆవిరి పట్టి నూనె తీయరు. సాల్వెంట్‌తో (కరిగించే ద్రవంతో) తీసే గాఢ సారాన్ని యాబ్సల్యూట్ అంటారు, అది చాలా ఖరీదు. తామర కూడా అంతే. కొబ్బరి, స్ట్రాబెర్రీ, గ్రీన్ ఆపిల్ వాసనలకు ఎసెన్షియల్ ఆయిలే లేదు. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో ఈ పేర్లతో దొరికే చవక సీసాలు సువాసన కోసం కలిపిన మిశ్రమాలు. బట్టలకు పూసుకోవడానికి బాగుంటాయి, ఒంటికి మసాజ్ నూనెలో కలపడానికి కాదు. శేషాచలం ఎర్రచందనానికి గిరాకీ దాని కలప వల్ల, రంగు వల్ల. శ్రీగంధం లాంటి వాసన దానికి లేదు. ‘రెడ్ శాండల్ ఎసెన్షియల్ ఆయిల్’ అమ్మేవారి మిగతా సరుకు మీద కూడా అనుమానం పెట్టుకోవచ్చు.

అపోహ: నేరుగా తయారీదారు దగ్గర కొంటే మోసం ఉండదు.

ఆయన తీసే నూనెకే ఆ మాట వర్తిస్తుంది. లెమన్‌గ్రాస్, పామరోజా (ఇదీ ఒక సుగంధ గడ్డే) తీసే రైతు సంఘం దగ్గర ఆ రెండూ కొనండి. అదే సంఘం లావెండర్, టీ ట్రీ కూడా అమ్ముతుంటే వాటి విషయంలో వాళ్లూ కొని అమ్మేవాళ్లే, రిపోర్టు అడగాల్సిందే. సుగంధ పంటల మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్రం ఉంది. ఉత్తరప్రదేశ్ కన్నౌజ్‌లోని సువాసన పరిశ్రమల కేంద్రం ఎఫ్‌ఎఫ్‌డీసీ రుసుము తీసుకుని శాంపిల్ పరీక్షిస్తుంది. కిలోల్లో కొనే సబ్బు తయారీదారులకు ఆ ఖర్చు గిట్టుతుంది, ఇంటి వాడకానికి అవసరం లేదు.

బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) చూడటం ఖర్చులేని పని. ఎసెన్షియల్ ఆయిళ్లది 3301తో మొదలవుతుంది, సువాసన మిశ్రమాలది 3302. ‘ప్యూర్ రోజ్ ఆయిల్’ అని చెప్పి 3302తో బిల్లు ఇచ్చారంటే వాళ్ల అకౌంటెంటు నిజం రాశాడు. 3301 ఉన్నంత మాత్రాన స్వచ్ఛమని మాత్రం కాదు.

అపోహ: పెద్ద సీసా కొంటే ఎప్పుడూ లాభమే.

నిమ్మ, నారింజ, టీ ట్రీ గాలి తగిలి ఆక్సీకరణం చెందుతాయి. అలా పాడైన నూనె చర్మాన్ని మండిస్తుంది, దద్దుర్లు తెస్తుంది. సగం ఖాళీ అయిన పెద్ద సీసాలో గాలి ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా పాడవుతుంది. 100 మి.లీ. కొంటే వచ్చిన రోజే 10 మి.లీ. గోధుమరంగు గాజు సీసాల్లోకి అంచుదాకా పంచుకుని, విజయవాడ లాంటి ఊళ్ల ఎండలకు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. రబ్బరు డ్రాపర్ బిగించి పంపే వ్యాపారికి సరుకు గురించి పెద్దగా తెలియదనే అనుకోవాలి, ఎందుకంటే ఆ ఆవిరికి రబ్బరు మెత్తబడి నూనెలోకి దిగుతుంది. వట్టివేళ్లు, పచౌలీ, చందనం నిలవ ఉంటే ఇంకా బాగుంటాయి, వాటిని పెద్ద సీసాలో తీసుకున్నా నష్టం లేదు.

కొత్త వ్యాపారి దగ్గర మొదటిసారి 10 మి.లీ. మించి తీసుకోవద్దు. సన్న కాగితపు ముక్క మీద చుక్క వేసి ఐదు నిమిషాలకు, గంటకు, మర్నాడు వాసన చూడండి. నిమ్మ, నారింజ వాసన మర్నాటికీ మొదటిలాగే ఘాటుగా ఉంటే అందులో వాసన పట్టి ఉంచే పదార్థమేదో ఉంది. నచ్చిన బ్యాచ్ నుంచి ఒక మి.లీ. చిన్న గాజు గొట్టంలో పోసి, బ్యాచ్ నంబరు రాసి ఫ్రిజ్‌లో దాచుకోండి. తర్వాత ఆర్డర్ వచ్చినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి అది కావాలి.