1 టీబీ డిస్క్‌లో 931 జీబీయే ఎందుకు కనిపిస్తుంది?

కొత్త 1 టీబీ (టెరాబైట్) హార్డ్ డిస్క్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 931 జీబీ (గిగాబైట్లు) అని చూపిస్తుంది. మిగతా 69 జీబీ కంపెనీ నొక్కేసిందని కొందరంటారు. ఫార్మాటింగ్‌కు, అంటే డిస్క్‌ను వాడకానికి సిద్ధం చేయడానికి, పోయిందని ఇంకొందరు సర్దిచెబుతారు. ఫార్మాటింగ్‌కు పోయేది చాలా తక్కువ. చెప్పిన లక్ష కోట్ల బైట్లూ డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. చిక్కంతా ఒకే పేరుతో రెండు కొలతలు నడవడంలో ఉంది.

కిలో అంటే వెయ్యి అని ఫ్రాన్స్ మెట్రిక్ పద్ధతి 1795లోనే తేల్చింది. మెగా (పది లక్షలు), గిగా (వంద కోట్లు), టెరా (లక్ష కోట్లు) 1960లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చేరాయి. కంప్యూటర్ మెమరీకి మాత్రం వెయ్యితో పని కుదరలేదు. మెమరీలో ఒక్కో గదిని చేరడానికి అడ్రస్ లైన్లు ఉంటాయి, ఒక్కో లైన్ పెరిగితే గదుల సంఖ్య రెట్టింపవుతుంది. పది లైన్లతో 1024 గదులు వస్తాయి. వెయ్యికి దగ్గరగానే ఉంది కదా అని ఇంజనీర్లు దాన్నీ కిలో అనేశారు. 1968లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ మారిసన్ 1024కు కప్పా అనే గ్రీకు అక్షరం వాడదామని సూచించాడు. అప్పుడే వినుంటే ఈ గొడవ ఉండేది కాదు.

డిస్క్‌ల దారి మొదటినుంచీ వేరు. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి డిస్క్ యంత్రం రామాక్ సామర్థ్యాన్ని 50 లక్షల అక్షరాలని చెప్పుకున్నారు. డిస్క్ మీద ఉండే వలయాలు (ట్రాకులు), వాటి ముక్కల (సెక్టార్ల) సంఖ్యకు రెట్టింపయ్యే నియమం లేదు కాబట్టి డిస్క్ తయారీదార్లు వేల లెక్కే వాడుతూ వచ్చారు. ఇక 1.44 ఎంబీ ఫ్లాపీ కథ మరీ వింత. 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు: గుణిస్తే 14,74,560 బైట్లు. వేల లెక్కలో ఇది 1.47, 1024 లెక్కలో 1.41. మరి 1.44 ఎక్కడిది? ఒకసారి 1024తో, ఇంకోసారి 1000తో భాగించారు! ఏ పద్ధతికీ చెందని ఆ అంకె కోట్ల ఫ్లాపీల మీద అచ్చయింది.

ఫ్లాపీల రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. కిలోబైట్ దగ్గర తేడా 2.4 శాతమే. మెగాకు దాదాపు 5, గిగాకు 7.4 శాతమైంది. టెరా దగ్గర 10 శాతానికి చేరింది. తేడా 7 శాతం దాటిన గిగాల రోజుల్లోనే జనం కోర్టుకెళ్లారు. అమెరికాలో డిస్క్ కంపెనీలైన వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో తప్పు ఒప్పుకోకుండానే రాజీపడ్డాయి. సీగేట్ అయితే డిస్క్ ధరలో 5 శాతం వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. తర్వాత శాన్‌డిస్క్ మీద వేసిన ఇలాంటి కేసును 2020లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లని ప్యాకెట్ మీదే రాసి ఉంది మరి.

ఈలోగా 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిలో, మెగా, గిగాల బదులు కిబీ, మెబీ, గిబీ అని కొత్త పేర్లు పెట్టింది. లినక్స్ లోకంలో అవి బాగానే కనిపిస్తాయి, బజారులో మాత్రం నిలవలేదు. యాపిల్ 2009లో స్నో లెపర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మ్యాక్‌ను వేల లెక్కకు మార్చేసింది. అందుకే అదే డిస్క్ మ్యాక్‌లో నిండుగా 1 టీబీ చూపిస్తుంది. విండోస్ 1024తోనే భాగిస్తూ పక్కన జీబీ అనే రాస్తోంది. నా లెక్కలో అసలు తప్పు ఇక్కడే ఉంది. భాగించడం వాళ్లిష్టం, పేరైనా గిబీ అని మార్చొచ్చు కదా.

అప్పటిదాకా డిస్క్ పెట్టె మీది జీబీలను 0.931తో గుణించుకుంటే విండోస్ ఏం చూపిస్తుందో తెలిసిపోతుంది. 500 జీబీకి 465, 512కు 476 వస్తాయి. ర్యామ్‌కు, అంటే మెమరీకి, ఈ గుణకారం అక్కర్లేదు, అది నేటికీ 1024 లెక్కే; ఎస్ఎస్‌డీ అనే చిప్‌ల డిస్క్‌ది మాత్రం వేల లెక్కే. అంటే లాప్‌టాప్ పెట్టె మీద "16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ" అని ఉంటే, మొదటి జీబీ రెండో జీబీకన్నా 7 కోట్ల 37 లక్షల బైట్లు పెద్దది.