తోచకపోతే తప్పేంటి? విసుగు, ఖాళీ గురించి అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌గా పని చేస్తున్నాను. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు, మనసులో మాట తెలుగులో చెప్పుకోవచ్చని. నిద్ర పట్టట్లేదని వస్తారు, చీటికీమాటికీ కోపం వస్తోందని వస్తారు, ఫోన్ లేనిదే పిల్లాడు ముద్ద ముట్టట్లేదని వస్తారు. నాకు ఖాళీయే లేకుండా పోయింది, అదే నా బాధ అని మాత్రం ఎవరూ రారు. కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా రోజు ఎలా గడుస్తుందో చెప్పమంటే, కంటి ముందో చెవిలోనో ఏదో ఒకటి లేకుండా గడిచిన ఐదు నిమిషాలు కూడా చాలామంది రోజులో కనపడవు. బ్రష్ చేసుకుంటూ వీడియో, క్యాబ్‌లో పాడ్‌కాస్ట్, లిఫ్ట్‌లో వాట్సాప్, తింటూ సిరీస్, నిద్రపోయేముందు రీల్స్. ఇది చూస్తుంటే నాకు నిజంగా ఆందోళనగా ఉంది, అందుకే రాస్తున్నాను. సెషన్లలో మళ్ళీ మళ్ళీ వినపడే మాటలే తీసుకుని జవాబు చెప్తాను.

అపోహ: బోర్ కొడుతోందంటే ఒళ్ళు బద్ధకం, పని లేకపోవడం.

వాస్తవం: పనిలేనివాడు పిల్లి తల గొరిగాడని సామెత ఉంది కదా, దాంతో ఖాళీగా కనపడిన ప్రతి మనిషినీ అనుమానంగా చూడటం మనకి అలవాటైపోయింది. నిజానికి బద్ధకానికీ విసుగుకీ చాలా తేడా ఉంది. బద్ధకంగా ఉన్న మనిషికి ఏమీ చెయ్యకపోవడమే హాయి. విసుగొచ్చిన మనిషికి ఏదో చెయ్యాలని ఉంటుంది, కానీ దేని మీదా మనసు నిలవదు. కెనడాలోని యార్క్ యూనివర్సిటీలో జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో విసుగుకి ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే: తృప్తినిచ్చే పనిలో లీనమవ్వాలని ఉండీ కాలేకపోవడం. అందుకే తల మునకలయ్యే పని ఉన్నవాళ్ళకి కూడా మీటింగ్ మధ్యలో ప్రాణం విసిగిపోతుంది. అందుకే "ఇన్ని బొమ్మలు కొనిచ్చాం, ఇంకా తోచదేంటిరా నీకు" అని పిల్లల్ని కసిరితే లాభం ఉండదు. వాడికి తక్కువైంది బొమ్మలు కాదు.

అపోహ: ఫోన్ తీస్తే విసుగు పోతుంది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువసార్లు మాట్లాడేది దీని గురించే, ఎందుకంటే ఇది అపోహ అని చెప్పినా ఎవరూ నమ్మరు. ఫోన్ తియ్యగానే ఒక క్షణం ఊరట వస్తుంది కదా మరి. ఆ ఊరట నిజమే. తర్వాత ఏమవుతుందో చూడండి. టొరంటో యూనివర్సిటీలో కేటీ టామ్, మైకేల్ ఇన్‌జ్లిక్ట్ 2024లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. వాటిలో ఒకదాంట్లో, ఒకసారి పది నిమిషాల వీడియో ఒక్కటే ఇచ్చి మార్చడానికి వీల్లేదన్నారు, ఇంకోసారి చిన్న వీడియోలు కొన్ని ఇచ్చి పది నిమిషాలూ ఇష్టమొచ్చినట్టు మార్చుకోమన్నారు. మార్చుకునే వీలుంటే బోర్ తక్కువ కొడుతుందని అందరూ అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం, మార్చుకుంటూ చూసినప్పుడే విసుగు ఎక్కువైంది, తృప్తి తగ్గింది. గోకేకొద్దీ దురద పెరిగినట్టే ఇదీ. ఒక వీడియో నచ్చలేదని తోసేస్తాం, తోసే అలవాటు వల్లే తర్వాతిది కూడా నచ్చదు.

దీనికి తోడు ఆ యాప్‌లని తయారుచేసిన తీరు ఒకటుంది. ఒకప్పుడు వెబ్‌పేజీకి అడుగు అంటూ ఉండేది, అక్కడికి వచ్చాక తర్వాతి పేజీ నొక్కాలా వద్దా అని మనమే తేల్చుకోవాలి. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన ఇన్‌ఫినిట్ స్క్రోల్‌తో, అంటే ఎంత లాగినా పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే పద్ధతితో, ఆ అడుగు పోయింది. దాని ఫలితాలు చూసి ఆయనే తర్వాత బహిరంగంగా బాధపడ్డాడు. మన సంకల్పం గట్టిగా లేదని తిట్టుకునేవాళ్ళకి ఈ సంగతి నేను తప్పకుండా చెప్తాను. చాలించుకుందామా అని ఆలోచించుకునే ఆ చిన్న విరామం అసలు మన చేతికే రాకుండా చేశారు, ఇందులో మీ తప్పు మీరు అనుకుంటున్నంత లేదు.

మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా వెళ్ళేవాళ్ళకి నేనిచ్చే చిన్న పని ఒకటుంది. మొదటి రెండు మూడు స్టేషన్ల దాకా ఫోన్ బ్యాగులోనే ఉంచండి, అంతే. కళ్ళు మూసుకోనక్కర్లేదు, శ్వాస గమనించనక్కర్లేదు. చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్తుంటుంది, అది గమనిస్తే చాలు. మొదట్లో చాలా చిరాకుగా ఉంటుందని ముందే చెప్తాను, ఎందుకంటే ఆ చిరాకు రాగానే "ఇది నా వల్ల కాదు" అని వదిలేస్తారు. కాసేపు ఓర్చుకుంటే చిరాకు దానంతటదే పలచబడుతుంది. ఆ అనుభవం ఒకసారి ఒంటికి తెలియాలి, నేను ఎంత చెప్పినా రాదు.

అపోహ: ఊరికే కూర్చుంటే మెదడు పని చెయ్యదు, ఆ టైమ్ వేస్ట్.

వాస్తవం: మెదడు మన ఒంటి బరువులో సుమారు 2 శాతమే, కానీ ఒళ్ళు వాడే శక్తిలో 20 శాతం దాకా అదే వాడుకుంటుంది. మనం ఏదైనా పని మీద దృష్టి పెట్టినప్పుడు అదనంగా అయ్యే ఖర్చు చాలా స్వల్పం. అంటే ఊరికే ఉన్నప్పుడు కూడా అది పని చేస్తూనే ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్కస్ రైకల్ బృందం 2001లో దీనికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. బయటి పని ఏదీ లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా చురుకవుతాయి. జరిగినదాన్ని నెమరేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఆలోచించడం, ఇవన్నీ ఆ భాగాలతో ముడిపడినవే.

ఇంటర్, పీయూసీ పిల్లల తల్లిదండ్రులకి ఇంకో సంగతి. ఎడిన్‌బరోలో మైకేలా డ్యూయర్ బృందం 2012లో పెద్ద వయసువాళ్ళకి చిన్న కథలు వినిపించింది. ఒక కథ విన్నాక పది నిమిషాలు ఊరికే విశ్రాంతి తీసుకోమన్నారు, ఇంకో కథ విన్నాక బొమ్మల్లో తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. వారం తర్వాత అడిగితే, విశ్రాంతికి ముందు విన్న కథే బాగా గుర్తుంది. చదువు అవ్వగానే రిలాక్సేషన్ పేరుతో రీల్స్ చూడటం ఎందుకు మంచిది కాదంటానో దీన్నిబట్టి అర్థమవుతుంది. చాప్టర్ అయ్యాక కాసేపు బాల్కనీలో నిలబడనివ్వండి. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాణ్ణి "ఏంటి దిక్కులు చూస్తున్నావ్" అని దయచేసి అరవకండి.

అపోహ: విసుగులోంచే గొప్ప ఐడియాలు పుడతాయి, కాబట్టి రోజూ ఇంతసేపు బోర్ కొట్టించుకోవాలి.

వాస్తవం: కొంతవరకూ నిజం ఉంది. శాండీ మాన్, రెబెకా కాడ్‌మన్ 2014లో చేసిన ప్రయోగంలో, డైరెక్టరీలోంచి ఫోన్ నంబర్లు ఎత్తి రాసే విసుగు పని చేసినవాళ్ళు, ఆ తర్వాత ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చెయ్యొచ్చో చెప్పమంటే ఎక్కువ ఉపాయాలు చెప్పారు. కానీ ఇంకో వైపు కూడా ఉంది. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో చేసిన అధ్యయనంలో మనుషుల మనసు మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం వేరే ఎక్కడో తిరుగుతోందని, అలా తిరిగినప్పుడు వాళ్ళు సంతోషంగా ఉన్నది తక్కువేనని తేలింది. పరధ్యానం అన్నివేళలా తియ్యగా ఉండదు.

ఔటర్ రింగ్ రోడ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది "దీనివల్ల నా ప్రొడక్టివిటీ ఎంత పెరుగుతుంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు బాధ కలిగిస్తుంది. మిగిలిన ఆ కాస్త ఖాళీని కూడా పనికే రాసిచ్చేస్తే ఇంక మీకంటూ ఏం మిగిలింది? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఖాళీ వల్ల కలిగే మేలు ఎక్కువగా ఇంకోలా కనపడుతుంది. నాన్న చనిపోయిన తర్వాత ఏడవనే లేదని ఒకరికి అప్పుడు తడుతుంది. ఈ ఉద్యోగం నాకు ఇష్టం లేదని ఇంకొకరికి తడుతుంది. ఇవేవీ స్టార్టప్ ఐడియాలు కావు, కానీ వీటిని వినకుండా ఏళ్ళు గడిపితే అవి నిద్ర పట్టకపోవడంగానో, పిల్లల మీద అరుపులుగానో బయటికి వస్తాయి.

అపోహ: నిశ్చలంగా కూర్చోవడమంటే ఆలోచనలు రాకూడదు.

వాస్తవం: వస్తాయి. రానివ్వండి. కూర్చోవడం కష్టంగా ఉంటే మీలో ఏదో లోపం ఉన్నట్టు కాదు. 2014లో తిమోతీ విల్సన్ బృందం మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి, కావాలంటే నొక్కుకోవచ్చని ఒక కరెంటు షాక్ మీట ఇచ్చింది. అంతకుముందు "ఈ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తాం" అన్నవాళ్ళే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది కనీసం ఒక్కసారి నొక్కుకున్నారు. మనుషులందరికీ ఉన్న కష్టమే ఇది. మన ఊళ్ళో లాల్‌బాగ్ తోటలో ఉన్న ఆ పెద్ద బండ మీద పొద్దున్నే ఇయర్‌ఫోన్స్ లేకుండా కూర్చోండి. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. అక్కడ కూర్చుని ఇంటి ఈఎంఐ గురించి ఆలోచించినా ఫర్వాలేదు.

అపోహ: డోపమైన్ ఫాస్టింగ్ చేస్తే, అంటే ఫోన్ లాంటివన్నీ కొంతకాలం పూర్తిగా మానేస్తే, మెదడు రీసెట్ అవుతుంది.

వాస్తవం: డోపమైన్ అనేది మెదడులో ఉండే ఒక రసాయనం, అది ఒంట్లో ఎప్పుడూ ఉండాల్సిందే. దాన్ని తయారుచేసే కణాలు దెబ్బతింటేనే పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు వస్తుంది. ఆదివారం ఫోన్ కట్టేసి సోమవారం నుంచి మళ్ళీ మామూలే అయితే ఒరిగేదేమీ లేదు. రోజూ కాస్త కాస్త ఖాళీయే నయం.

అపోహ: పిల్లలకి బోర్ కొట్టనివ్వకూడదు, మంచి తల్లిదండ్రులు ఎప్పుడూ ఎంగేజ్ చేస్తూ ఉండాలి.

వాస్తవం: స్కూలు, అబాకస్, స్విమ్మింగ్, కీబోర్డు క్లాస్, వేసవిలో క్యాంపు. మన అపార్ట్‌మెంట్ పిల్లలకి తమ ఆట తామే కనిపెట్టుకునే అవకాశం దొరకడమే గగనమైపోయింది. "అమ్మా, తోచట్లేదు" అని వాడు వచ్చినప్పుడు మీరు వెంటనే జవాబు వెతికిపెడితే, ఆ వెతికే పని వాడికి ఎప్పటికీ రాదు. "సరే నాన్నా, ఏం చేస్తావో చూసుకో, నేను ఇక్కడే ఉన్నా" అనండి. కాసేపు గునుస్తాడు, కాళ్ళ చుట్టూ తిరుగుతాడు, ఏడుపు కూడా రావచ్చు. ఆ కాసేపు గడిచాక దుప్పటి కింద గుడారమో, గిన్నెల మీద దరువో మొదలవుతుంది. "నేను ఇక్కడే ఉన్నా" అన్న మాట మాత్రం ముఖ్యం, అది లేకుండా వదిలేస్తే పిల్లాడికి అది శిక్షలా అనిపిస్తుంది. మరీ చిన్నపిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే స్పష్టంగా చెప్పింది: రెండేళ్ళు నిండేదాకా స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. ముద్ద ముద్దకీ ఫోన్ చూపించి తినిపించే అలవాటు ఉంటే ముందు దాన్నే మార్చండి, ఎందుకంటే అప్పుడు పిల్లాడికి కడుపు నిండిన సంగతి కూడా తెలియట్లేదు.

అపోహ: పెద్దవాళ్ళకి ఖాళీగా ఉండటం అలవాటే.

వాస్తవం: మనవల్ని చూసుకోవడానికి కడప నుంచో ఒంగోలు నుంచో వచ్చిన అమ్మానాన్నలు పద్నాలుగో అంతస్తులో ఏం చేస్తారో ఆలోచించారా? కన్నడం రాదు, హిందీ రాదు, కింద బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ మాట అర్థం కాదు. ఊళ్ళో అరుగు మీద ఖాళీగా కూర్చున్నప్పుడు దారిన పోయే ప్రతివాళ్ళూ "ఏం పెద్దమ్మా, తిన్నావా" అని పలకరించేవాళ్ళు. ఆ ఖాళీ వేరు, ఈ ఖాళీ వేరు. మనం కోరుకున్న నిశ్శబ్దం విశ్రాంతినిస్తుంది, నెత్తిన పడిన నిశ్శబ్దం ఒంటరితనం అవుతుంది. వాళ్ళకి ట్యాబ్ కొనిచ్చి సీరియల్స్ పెట్టివ్వడం దీనికి మందు కాదు, మనిషి కావాలి. అపార్ట్‌మెంట్ గ్రూపులో తెలుగు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కనుక్కుని, ఇంకో పెద్దాయన్ని పరిచయం చెయ్యండి. కూరగాయలు కొనే పని యాప్‌కి కాకుండా మీ నాన్నగారికి అప్పగించండి. మీ ఇంట్లో ఈ ఒక్కటి చేసినా నేను రాసినదానికి ఫలితం దక్కినట్టే.

అపోహ: విసుగు అందరికీ మంచిదే, ఓర్చుకోవాలి.

వాస్తవం: లేదు, ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇంతకుముందు ఇష్టమైన పనులు కూడా వారాల తరబడి రుచించకపోతే, పొద్దున మంచం దిగడమే భారమైతే, అది మామూలు విసుగు కాదు, డిప్రెషన్ కావచ్చు. అలాంటి మనిషిని ఊరికే కూర్చోమంటే అవే చీకటి ఆలోచనలు సుడులు తిరుగుతాయి. వాళ్ళకి నడక, తోడు, చికిత్స కావాలి. ఏదైనా దారుణం అనుభవించినవాళ్ళకి కూడా నిశ్శబ్దం భయపెట్టవచ్చు, వాళ్ళని ధ్యాన శిబిరాలకి బలవంతంగా పంపకండి. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, స్థిమితంగా ఉండలేకపోవడం అనే సమస్య) ఉన్నవాళ్ళకి విసుగు మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ బాధ పెడుతుంది, దాన్ని పొగరనో నిర్లక్ష్యమనో అనొద్దు. ఫోన్, గేమ్స్ అదుపు తప్పాయనిపిస్తే మన ఊళ్ళోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో 2014 నుంచి షట్ క్లినిక్ అని దీనికోసమే ఒక విభాగం ఉంది. మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, అర్ధరాత్రి అయినా పలుకుతారు.